ఆంటీ అడిగిన వారం సెలవు

పాపకూర,
14 నవంబరు 2021

ప్రియమైన అమృతా,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, అత్తయ్యగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం నెల్లాళ్ళకు చేరింది. పాప నా ఫోటో చూసి 'నాన్న' అందన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో. పురిటికి పుట్టింటికి వెళ్ళినదానివి, ఈ దేశం సరిహద్దులు మూసేయడంతో ఇరవై నెలలుగా అక్కడే ఉండిపోయావు. ఎప్పుడు తెరుస్తారని అడిగావు. వచ్చే ఏడాది అంటున్నారు, తేదీ మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అన్నం వండుకుంటున్నాను. కూర రోజూ కుదరడం లేదు.

సూపర్‌మార్కెట్‌లో పని అలాగే ఉంది. మాస్కు పెట్టుకోమంటే తిడతారు, పిండి సంచులు మనిషికి రెండే అంటే తిడతారు. ఆగస్టులో మా స్టోర్‌కు కరోనా ఉన్న మనిషి వచ్చాడని సగం మందిని ఇళ్ళలో కూర్చోబెట్టారు. కౌంటర్ల సూపర్‌వైజర్ని కనక మిగిలినవాళ్ళను ఫోన్లు చేసి పిలిచేది నేనే.

రమామణి ఆంటీ ఎలా ఉన్నారని మూడు ఉత్తరాల్లో అడిగావు. బాగున్నారని రాశాను. అది అబద్ధం. వీడియోలో నీ ముఖం చూస్తూ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ఆగస్టులో, కౌంటర్లకు మనుషులు చాలని ఆ రోజుల్లోనే ఆవిడ నా దగ్గరికి వచ్చారు. "నిద్ర పట్టట్లేదు నాయనా. పొద్దున్నే యూనిఫాం చూస్తే ఏడుపొస్తోంది. ఒక్క వారం సెలవిప్పించు," అన్నారు. మేనేజరుతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు. ఆవిడ రాకపోతే ఇంకో కౌంటరు మూసెయ్యాలి. మళ్ళీ అడిగితే, "అడిగానాంటీ, కుదరదన్నారు," అనేశాను.

సెప్టెంబరులో ఒక శనివారం ఒకాయన ఆవిడ మీద గట్టిగా అరిచాడు. ఆవిడ చేతులు ఆగిపోయాయి. స్కాన్ చెయ్యరు, పలకరు. లైనంతా చూస్తోంది. నేను వెళ్ళి, "అలసట అందరికీ ఉంటుందాంటీ, కానివ్వండి," అన్నాను. ఆవిడ బ్యాడ్జి తీసి కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయారు. తర్వాత డాక్టరు డిప్రెషన్ అన్నారట. నీ వేవిళ్ళకు చారు కాచి తెచ్చిన మనిషి ఇప్పుడు రోజంతా మంచం దిగడం లేదట.

ఈ మధ్య నాకూ కారు దిగి లోపలికి వెళ్ళబుద్ధి కావడం లేదు. మొన్న బుధవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి నాకోసం వారం సెలవు అడిగాను. ఆమె నా ముఖం చూసి, "ఇంతకాలం ఎందుకు అడగలేదు?" అంటూ అక్కడికక్కడే ఇచ్చేసింది. నిమిషం కూడా పట్టలేదు అమృతా. బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ శాలువా కప్పుకుని పెరట్లోకి వచ్చారు. బాగా చిక్కిపోయారు. దూరంగా నిలబడి చెప్పాను. "మీ సెలవు సంగతి నేను అసలు అడగనే లేదాంటీ."

ఆవిడ శాలువా దగ్గరికి లాక్కున్నారు.

"నిన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదు నాయనా. ఓపిక వచ్చాక నేనే పిలుస్తాను. అప్పుడు రా," అని లోపలికి వెళ్ళిపోయారు.

నువ్వు ఆవిడకు ఉత్తరం రాయి. పాప కబుర్లు రాయి. నా తరఫున మాత్రం ఒక్క మాటా రాయకు.

ఇట్లు,
ఆవిడ పిలుపు కోసం చూస్తున్న
నీ భర్త,
దుర్గేష్