శనివారం గుడ్డు

అమ్మా, నేను సన్నబడాలని శనివారాలు నువ్వెందుకు ఒక్కపొద్దు ఉన్నావు?

బరువు తగ్గే ఆపరేషన్‌తో నా పొట్ట చిన్నది చేయించుకున్నది నువ్వు పోయాకే. ఇప్పుడు రోజూ గద్వాల మైదానంలో పరుగెత్తుతున్నాను. శనివారం మాత్రం నీ ఒక్కపొద్దు నేనుంటున్నాను.

ఈ శనివారం ఉదయం పరుగులో కళ్లు తిరిగి కూలబడ్డాను. కోచ్ రజిత నీళ్లిచ్చి తిట్టింది.

"ఏంది అక్కా, ఖాళీ కడుపుతోటి ఉరుకుతవా? నీ పొట్టల ఒక్కసారే పట్టది, జర జర తింటనే ఉండాలె. ఇంటికి పోయి గుడ్డు తిను."

"శనివారం గుడ్డా?" అన్నాను.

"శనివారం ఉరుకుడు ఆపినవా మరి?"

ఇంటికొచ్చి గుడ్డు ఉడకబెట్టి, ఒలిచి, నీ ఫొటో ముందు కూర్చున్నాను. అది చల్లారిపోయింది. ఆకలీ లేదు, ఏడుపూ రావడం లేదు. ఇది తింటే నీ ఒక్కపొద్దు చెడగొట్టినట్టో, తీర్చినట్టో నాకింకా తెలియడం లేదు.