నాన్న డప్పు ఎక్కడుందంటే

అరకు,
ఆదివారం.

అమ్మకు స్వర్ణ నమస్కరించి రాసేది. నేను బాగున్నాను. గూడెంలో నువ్వూ, చెల్లీ, కోళ్లూ అందరూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. అక్కడ సిగ్నల్ లేదు కాబట్టి రాస్తున్నాను గానీ, లేకపోతే ఈ కబురు ఫోనులో అరిచి చెప్పేదాన్ని!

ముందు నీ ఉత్తరానికి జవాబులు. దగ్గు తగ్గింది. కాఫీ మిల్లులో ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాను. స్వెట్టరు కూడా వేసుకుంటున్నాను. "మీ నాన్న డప్పు అటక మీద కనపడ్డం లేదు, ఏటి సేసినావే గుంటా?" అని చెల్లి చేత రాయించావు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మా టౌను చర్చికి వచ్చే నెలతో వందేళ్లు! బిషప్ గారు వస్తున్నారు. గోడలకు సున్నం వేశారు. దొరల కాలంలో ఓడలో వచ్చి, ఎడ్లబండి మీద ఘాట్ రోడ్డెక్కిన పాత తొక్కుడు హార్మోనియం మరమ్మతు చేయిస్తే కొత్తగా పలుకుతోంది. ఇన్నేళ్లూ దాని శ్రుతిలోనే క్వయర్ నాలుగు గొంతుల్లో పాడింది. ఈసారి మాత్రం కొండ వరసలో ఒక కీర్తన ఉండాలన్నారు మా క్వయర్ మాస్టారు కృష్ణమూర్తి గారు. నేను ఊరుకుంటానా? చోళ్లు నూర్చేటప్పుడు నువ్వు పాడిన వరస వినిపించాను. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వారం తిరక్కుండా దానికి కీర్తన మాటలు కట్టేశారు.

తీరా పాడితే ఏమైందో తెలుసా? హార్మోనియం మోగగానే అందరం కలిసి మొత్తం పాట పాడేశాం. శ్రుతి బాగానే ఉంది, పాట మాత్రం ఉప్పులేని అంబలి! మన పాటను ఒకరు ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి కదా. నేను ఎత్తి చూశాను. పదిమందితో కలిసి పాడీ పాడీ నా గొంతు మెత్తబడిపోయింది. "ఎత్తే మనిషి లేకపోతే ఇది మానేసి పాతదే పాడదాం" అన్నారు మాస్టారు దిగులుగా.

అమ్మా, కోప్పడకు. నీ పేరు ఇచ్చేశాను. కరపత్రంలో అచ్చు కూడా అయిపోయింది: "పాట ఎత్తువారు: సోములమ్మ."

డప్పు తెచ్చింది కూడా నేనే. మొన్న వచ్చినప్పుడు గోనెసంచిలో చుట్టి బస్సెక్కించాను. డప్పు చర్చి లోపలికి రాకూడదని అప్పట్లో కట్టుబాటు కదా. దాన్ని వదల్లేక నాన్న క్రిస్మస్ నాడు కూడా నీతో ఈ చర్చి వరండాలోనే కూర్చుని, కిటికీలోంచి కీర్తనలు వినేవాడు. ఆయన పోయాక నువ్వు పాట ఎత్తడమే మానేశావు. నీకు కష్టమని తెలుసు. అయినా నీ గొంతు మళ్లీ వినాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది.

డప్పు లోపల పెట్టొచ్చా అని పాస్టరు గారిని అడిగితే తలుపు రెండు రెక్కలూ తీయించారు. ఇవాళ డప్పును హార్మోనియం పక్కనే స్టూలు మీద పెట్టాం. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎవరు కొట్టాలో నువ్వే చెప్పాలి.

వందేళ్ల పండగ ముందురోజు పొద్దున్నే జీపు పంపిస్తాం. బేగి తయారవ్వు. ఎర్రంచు చీర కట్టుకో. అలవాటు కొద్దీ వరండాలో ఆగిపోకు, నేరుగా లోపలికి వచ్చెయ్. ఈసారి నాన్న లోపలే ఉన్నాడు.

ఇట్లు,
నీ పాట అందుకోవడానికి కాచుకుని ఉన్న
పెద్దకూతురు
స్వర్ణ