ఉతికేకొద్దీ ముదిరే ఎరుపు

శుక్రవారం, తెనాలి

ఇన్నాళ్ళూ గోధుమరంగే ఇచ్చిన చిరివేరు ఈరోజు గుడ్డకు ఎర్రగా పట్టింది. ఈసారి వేరును సూర్యలంక సముద్రతీరపు ఇసుకలో తవ్వించాను, అదే తేడా. పాతకాలపు అద్దకం ఎరుపు ఇదే, నాకు సందేహం లేదు.

తమ కంపెనీ గుర్తుకు ఆ ఎరుపే కావాలని నాకు పని అప్పజెప్పిన రేపల్లె మేనేజర్ గారు వచ్చి, గుడ్డను ఎండలో పట్టి చూశారు.

"ఇదేనండి మా రంగు. బోర్డుకీ, స్టాఫ్ షర్టులకీ ఇదే. ఇంక మార్చకండి."

"ఉతికేకొద్దీ ముదురుతుందండి," అన్నాను.

"బోర్డును ఉతకం కదండీ," అని నవ్వారు.

బోర్డుకు వేసేది పెయింటు. షర్టులకు అద్దేది నేను. ఏడాది తిరిగేసరికి షర్టుల పక్కన బోర్డు వెలిసినట్టు కనబడుతుంది. రంగు మార్చేశానని నన్నే అంటారేమో... అననీ. షర్టును చూసి బోర్డుకు మళ్ళీ పెయింటు వేయించుకోమంటాను.