హారన్ మోగితే చాలట

మంగళవారం, రాత్రి

కోపం ఇంకా తగ్గలేదు. నౌపడ ఉప్పుమడుల్లో కూలీలకు తాగడానికి నీళ్లు పెట్టని సంగతి, కాంట్రాక్టరు రాకముందే వస్తే మా పేపరుకు చెబుతానంది అక్కడి కూలీ పైడమ్మ. దారిలో బండి ఆగిపోయింది. పోయిన నెలే కొత్త బేటరీ వేయించాను. తోసుకుంటూ వెళ్లేసరికి కాంట్రాక్టరు గట్టు మీద ఉన్నాడు. పైడమ్మ తలెత్తలేదు.

"నాకేటీ తెల్దు బాబూ, ఎల్లిపో."

సాయంత్రం బండిని వ్యానులో అరసవల్లి తెచ్చాను. పోయిన నెల బేటరీ మార్చిన మెకానిక్ అప్పన్న చేతే ఛార్జి ఉన్న బేటరీ పెట్టించి, నేనే మీటరు పట్టాను. ఇంజను ఆపి చూస్తే పన్నెండున్నర వోల్టులు. స్టార్ట్ చేసి రేజ్ చేసినా అంతే. పద్నాలుగు దాకా ఎక్కాలి. అంటే బండి బేటరీని ఛార్జి చేయడమే లేదు. పాత బేటరీని అనవసరంగా పారేశాం.

"అప్పుడే మీటరు ఎందుకు పెట్టలేదు?"

"హారన్ గట్టిగా మోగినాది కదేటి బాబూ. ఇంకేటి సూడాల?"

కొత్త బేటరీ మీద ఏ హారనైనా మోగుతుంది. రేపు బేటరీకి ఛార్జి అందించే రెక్టిఫయర్ మారుస్తాడట. బండి నడుస్తుంది. నేను వెళ్లింది పైడమ్మ కోసమేనని కాంట్రాక్టరు పసిగట్టి ఉంటే, రేపు ఆమెను మడిలో దిగనిస్తాడా...