పాపని తూయించి రాయి

ఏమే, మన అమ్మాయి కడ్డీ ఎత్తేసిందే! ఒట్టి కడ్డీయే అనుకో, అటూ ఇటూ బిళ్ళలు లేవు, పదిహేను కిలోలు. పోటీల్లో తొంభై లేపిన పిల్లే, రొమ్ము తీసేశాక ఆ వైపు చేత్తో దువ్వెన కూడా పట్టలేకపోయింది కదా! ఇవాళ ఆసుపత్రి కసరత్తు గదిలో నడుం దాకా లేపి నిలబడింది. నేను చప్పట్లు కొడుతుంటే "ఊరుకో నాన్నా, అందరూ చూస్తున్నారు" అంది. చూడనీ! కడ్డీ దించాక గోడకానుకుని వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని "పాప ఇప్పుడెంత బరువుంది?" అని అడిగింది.

పాపని ఒక్కసారి ఎత్తుకోవాలట, దాని పంతం అదీ. మందు ఇంకా ఎక్కించాలి. ఆ తర్వాతైనా ఏ మాటా ఇవ్వలేనంది డాక్టరమ్మ. కాబట్టి పాపని కొట్లో కాటా మీద నిలబెట్టి తూకం రాయి. తల్లికి తేలికవుతుందని దానికి అన్నం తగ్గించేవు! పెరిగితే పెరగనీ, ఇది అందుకుంటుంది. పెట్టెలో అమ్మాయి బరువులెత్తే తోలు బెల్టుంది, పంపు. నీ మోకాలెలా ఉంది?

మా అక్కయ్యకి చెప్పు, మీ తమ్ముడికి చెప్పు, వియ్యపురాలికి కబురు పెట్టు. పాపకీ చెప్పు, అమ్మ ఎత్తుకునేటప్పుడు కదలకుండా ఉండాలని. ఇప్పట్నుంచే అలవాటు చెయ్యి.