గుండీకి సరిపోని మాట

చిలకలగూడ, సికింద్రాబాద్
1949 ఫిబ్రవరి 6

మహారాజశ్రీ యేసురాజు సారువారి సముఖానికి,

దర్జీ మౌలా అలీ సలాములు చేసి రాసుకునేది. ఉత్తరం ఇట్లాగే మొదలుపెట్టాలని మా ఊరి బడిలో బెత్తంతో నేర్పారు. ఇక్కడ అందరం క్షేమం. మేక కూడా.

మా ఇంటావిడ జాన్ బీ తమ్ముడు కరాచీ రమ్మని రాశాడు. మేం పెట్టెలు సర్దాం. పోతారా, ఉంటారా అని మొన్న మీరు అడగలేక అడిగారు. బన్సీలాల్‌పేట్‌లో మీ ఇంటికి నడిచొచ్చి చెప్పొచ్చు. కానీ మీ ఎదుట నిలబడితే నా నోరు కృతజ్ఞతను కూడా నవ్వులాట చేసేస్తుంది.

పోలీస్ యాక్షన్ నాడు, ఫౌజు వస్తోందని మా గల్లీ అంతా తలుపులు బిగించుకుంటే, మీరు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి మమ్మల్ని మీ ఇంటికి తీసుకుపోయారు. మీ శ్రీమతి రోసమ్మగారు తన మంచం జాన్ బీకి ఇచ్చి నేల మీద పడుకున్నారు. ఊరు చల్లబడేదాకా నాకు భయం తెలియకుండా మీరొక ఇంగ్లీషు మాట నేర్పారు, సకర్ అని. ఉత్త సాయం కాదు, ఆపదలో ఉన్నవాడి దగ్గరికి పరుగున వచ్చి చేసే సాయమన్నారు. లాటిన్‌లో ఆ మాట పుట్టిందే పరుగులోంచట. పాత కావ్యాల్లో, ప్రార్థనల్లో తప్ప బజారులో వినపడదన్నారు. పాఠం తర్వాత, ముందు మనిషిని అన్నం తిననివ్వమని రోసమ్మగారు మిమ్మల్ని కసిరారు.

బజారులో లేని సరుకు చేతికొస్తే దర్జీ ఊరుకుంటాడా? తిరుమలగిరిలో ఒక కెప్టెన్ సాబు కోటు గుండీ ఊడితే, దానికి సకర్ చేస్తానని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి నవ్వాడు. శత్రువులు చుట్టుముట్టిన కోటలో, తిండి అయిపోయినవాళ్లు ఎదురుచూసేది సకర్ కోసమని కవులు రాస్తారట. గుండీకి దారం చాలట. నేను ఆ కోటలోంచే వచ్చాను సాబ్ అనబోయి, సూదిలో దారం ఎక్కించుకున్నాను.

ఇక జవాబు. మేం పోవడం లేదు సారూ. ఇంటి పెద్దగా అన్నీ ఆలోచించి నేనే తేల్చాను. రోసమ్మగారికి మా ఇద్దరి సలాములు.

ఇట్లు,
మీ ఇంట అన్నం తిన్న
మౌలా అలీ

తా.క. తేల్చింది నేను కాదు. నాకింకా భయం పోలేదు, పోదామనే అన్నాను. జాన్ బీ పెట్టె తెరిచి, చీరలు మళ్లీ దండెం మీద వేస్తూ ఒక్కటే అడిగింది: "రేపు రోసమ్మకు ఏమన్నయితే, కరాచీ నుంచి ఉరికొస్తే అందుతనా?"