బల్ల దగ్గర నీ పేరు

2007, ఆదివారం రాత్రి

ప్రసాదూ,

నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. నీకు అందని ఎయిడ్స్ మందులు ఇప్పుడు ఏలూరు పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తున్నారు. నేనూ వాడుతున్నాను. ఆ సంగతి గూడెంలో మన సంఘమంతా పాకింది.

ఇవాళ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోడానికి లేస్తుంటే పాస్టరుగారు నా చెవి దగ్గర, "ఏమీ అనుకోకండి. మీ స్నేహితుడి జబ్బే కదండీ, ద్రాక్షారసం మీరు ఆఖర్న తీసుకోండి" అన్నారు. ఎంత మర్యాదో! ఒళ్ళు మండిపోయింది. అరవయ్యేళ్ళొచ్చిన ముసలాణ్ణి, ఇంకెవరికి భయపడాలి?

"స్నేహితుడు కాదండీ. ప్రసాదు నా మనిషి. పాతికేళ్ళు కలిసి బతికాం" అని అందరికీ వినబడేలా చెప్పి, అందరూ తాగే ఆ ఒక్క గిన్నెలోంచి ముందు నేనే తాగాను. నా వెనక ఎవరూ రాలేదు. గిన్నెలో మిగిలింది పాస్టరుగారు బయట పారబోశారు.

వచ్చే ఆదివారం కూడా ముందు వరసలోనే కూర్చుంటాను.